పట్టీ లేని నలభై రోజులు

మొదటి రోజు

ఉదయం పది గంటలకు ఆస్పత్రి మూడో అంతస్తులో డాక్టరు జుబేదా మేడం నా ముంజేతి పట్టీని కత్తెరతో కత్తిరించారు. పద్దెనిమిదో ఏట కట్టిన పట్టీ. పదహారేళ్లుగా ఎండ తగలని ఆ చోట చర్మం పాలిపోయి, ముడతలు పడి ఉంది. చూస్తే నా చేయిలా అనిపించలేదు.

మేడం పట్టీ ముక్కల్ని డబ్బాలో వేసి మూసేశారు. పసుపు రంగు చీటీ ఒకటి, గీతల నోటుపుస్తకం ఒకటి నా చేతిలో పెట్టారు. చీటీ నలభై రోజులు చెల్లుతుంది. అంతవరకు వైద్య కారణం మీద పట్టీ లేకుండా తిరగొచ్చు.

“రోజూ రాయక్కర్లేదు రత్నం. రాయాలనిపించినప్పుడే రాయి. ఇవాళ నీకు ఏం కావాలనిపించింది, ఏం వద్దనిపించింది, అంతే.”

“తెలీకపోతేనండీ?”

“తెలీదని రాయి.”

ఇంటికొచ్చి కుళాయి కింద బిందె పెట్టాను. నీళ్లు రాలేదు. మా మడపేటలో కుళాయికైనా, పొయ్యికైనా, పడవ ఎక్కడానికైనా పట్టీ చూపించాల్సిందే. ఆ సంగతి మరిచిపోయి వట్టి చేతిని కుళాయి ముందు నాలుగుసార్లు ఊపాను. చివరికి మా ఆయన సింహాద్రి వచ్చి తన చెయ్యి చూపించి బిందె నింపాడు. మళ్లీ పడవల షెడ్డుకి వెళ్లిపోయాడు. రెండు నెలలుగా అక్కడే పడుకుంటున్నాడు.

ఇవాళ నాకేం కావాలనిపించిందో తెలీదు.

రెండో రోజు

నేను మడ మొక్కల నర్సరీలో పని చేస్తాను. సముద్రం ముందుకొచ్చి పాత ఊళ్లను మింగాక, ఈ ఊరిని స్తంభాల మీద కట్టారు. ఆ స్తంభాలు నిలవాలంటే చుట్టూ మడ అడవి ఉండాలి. సముద్రం వెనక్కి తగ్గిన వేళ బురదలో దిగి నాటుతాం. పోటు రాగానే ఒడ్డెక్కి, అది దిగేదాకా ఇళ్లకు పోతాం.

గేటు దగ్గర చీటీ చూపించాను. మా మేస్త్రీ మంగతాయారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. నోరు పెద్దది.

“ఏం జబ్బే నీకు?”

“తెలుసుకోడానికే తీసేరు పిన్నీ.”

మధ్యాహ్నం రెండుసార్లు అన్నం తిన్నాను. ఆకలేస్తే పట్టీ చెప్పేది, దాహమేస్తే చెప్పేది. ఇప్పుడు కడుపులో ఏదో కదిలింది. ఆకలేమో అనుకుని తిన్నాను. మళ్లీ కదిలితే మళ్లీ తిన్నాను. సాయంత్రానికి వాంతి అయింది. ముప్ఫై నాలుగేళ్ల ఆడదాన్ని, నాకు ఆకలేస్తోందో లేదో నాకే తెలియదు.

ఐదో రోజు

నేను ఆస్పత్రికి ఎందుకు వెళ్లానో రాయమన్నారు మేడం.

సింహాద్రితో నా పెళ్లయి పద్నాలుగు నెలలు. పడవల ఇంజిన్లు బాగుచేస్తాడు. నేను ఇష్టపడే చేసుకున్నాను. మొగుడూ పెళ్లాల పట్టీలు జతకలిపి ఉంటాయి. నా ఒంటికి ఇష్టం పుడితే నా పట్టీ ఆకుపచ్చగా వెలుగుతుంది, ఆయన పట్టీ సన్నగా అదురుతుంది. ఆయనకీ ఇష్టమైతే నా పట్టీ అదురుతుంది. ఇద్దరిదీ పచ్చగా ఉంటే ఇక మాటలతో పని లేదు. ఊళ్లో అందరి కాపురాలూ అలాగే నడుస్తాయి.

నా పట్టీ వెలిగేది. ఆయన వచ్చేవాడు. ఆయన చెయ్యి పడగానే నేను ఎక్కడికో వెళ్లిపోయేదాన్ని. ఒళ్లు మంచం మీదే ఉండేది. ఎంతసేపటికి తిరిగి వచ్చేదాన్నో నాకే తెలిసేది కాదు.

రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం సింహాద్రి నా చెంప తడిగా ఉండడం చూశాడు. దిగ్గున లేచి కూర్చున్నాడు.

“ఏడుత్తన్నావా రత్నం?”

నిజానికి నేను ఏడుస్తున్నట్టు నాకు తెలియదు.

“లైటు పచ్చగానే ఉంది కదే!” అన్నాడు. తన పట్టీ చూసుకున్నాడు, నాది చూశాడు. ఆ మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజునుంచే షెడ్డులో పడుకోవడం మొదలుపెట్టాడు.

మంచినీళ్ల కేంద్రంలో నాకు జరిగింది ఆయనకు తెలుసు. పెళ్లికి ముందే చెప్పాను. కానీ అంతా చెప్పలేదు.

తొమ్మిదో రోజు

మేడం ఇద్దరినీ రమ్మన్నారు. సింహాద్రి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

“మేడంగారూ, ఇంజినయితే ఇప్పి చూసుకుంటానండి. ఇక్కడ నాకేం చెయ్యాలో తెలీట్లేదండి.”

“ఇక్కడ విప్పి చూడ్డానికేం లేదు సింహాద్రీ. ఆమె ఎప్పుడు అంటే అప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు అంటే అప్పుడు ఆపాలి. ముందు చేతులు మాత్రమే. అంతకు మించి ఇద్దరికీ కావాలనిపించినా వద్దు.”

“లైటు లేకుండా ఎలా తెలుత్తాదండి?”

“అడుగు.”

“అడిగితే సిగ్గు కదండీ?” అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకు నవ్వాను. వెంటనే, నవ్వాల్సిన చోటేనా ఇది అనిపించింది.

పదో రోజు

పోటు వేళ. కిటికీ కింద నీళ్లు స్తంభాలకు కొట్టుకుంటున్నాయి. చాప మీద ఎదురెదురుగా కూర్చున్నాం. “పట్టుకో” అన్నాను. ఆయన నా కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అరచేతుల్లో గ్రీజు వాసన. బొటనవేలితో నా వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నిమిరాడు.

బాగుంది. బాగుందనిపించగానే, “చాలు, ఆపు” అన్నాను.

వెంటనే వదిలేశాడు.

నాకు కోపం వచ్చింది. ఎందుకు వదిలేశావు అని అరవబోయి ఆగిపోయాను. ఆపమన్నదాన్ని నేనే. ఆపితే కోపం ఎందుకు? ఆ కోపం ఈయన మీదో, నేను ఆపమన్నా ఆపని వాడి మీదో ఎంత ఆలోచించినా తేలలేదు.

పదిహేనో రోజు

చేతులయ్యాయి, పాదాలయ్యాయి. ఇవాళ భుజాలు, వీపు. ప్రతిసారీ “ఇక్కడ పర్లేదా?” అని అడుగుతున్నాడు. మొదట్లో చిరాకేసేది. ఇప్పుడు ఆ అడగడం కోసం ఎదురుచూస్తున్నాను.

వీపు మీద చెయ్యి వేసి కాసేపయ్యాక నా ఒంట్లో వేడి పుట్టింది. పొత్తికడుపులోకి దిగింది. ఒళ్లు తనంతట తానే స్పందిస్తోంది.

చటుక్కున లేచి పోయి బయట చెక్కవంతెన మీద కూర్చున్నాను. సింహాద్రి గడప దాటకుండా అక్కడే నిలబడ్డాడు.

“నేనేం సేసేనే?”

“నువ్వేం చెయ్యలేదు మావా.”

“మరేంటి?”

ఏమని చెప్పను? ఇదే వేడి అప్పుడూ పుట్టిందని ఎలా చెప్పను?

పదహారో రోజు

ముందు కాగితానికి చెబుతాను.

నాలుగేళ్ల కిందట నేను మంచినీళ్ల కేంద్రంలో పంపుల గదిలో పని చేసేదాన్ని. షిఫ్టు ఇన్‌ఛార్జి తలుపు వేశాడు. వాడి పేరు ఈ పుస్తకంలో రాయను. వద్దన్నాను. మూడుసార్లు అన్నాను. ఆ తర్వాత కదల్లేకపోయాను. గోడకున్న షిఫ్టు పట్టికలో పేర్లు చదువుతూ పడి ఉన్నాను. నా పేరు ఐదో వరుసలో ఉంది.

మధ్యలో ఒకసారి నా చెయ్యి కనిపించింది. పట్టీ ఆకుపచ్చగా వెలుగుతోంది.

వాడూ చూశాడు. “చూశావా మరి” అన్నాడు.

ఫిర్యాదు చేశాను. ఊళ్లోవాళ్లలోంచే ఎంచిన ముగ్గురు సభ్యుల బెంచి కూర్చుంది. నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, ఆ సమయానికి పట్టీ నా చేతికే ఉందా అని. ఉందన్నాను. నమోదు చూశారు. పదకొండు నిమిషాలు ఆకుపచ్చ. కేసు కొట్టేశారు.

అది జరిగిన నాటినుంచి ఒకటే ప్రశ్న. నేను వద్దన్నాను, అది నాకు తెలుసు. మరి నా ఒళ్లు ఎందుకు అవునంది? దేన్ని నమ్మాలి? ఈ నాలుగేళ్లలో నాకు కాస్త హాయిగా అనిపించిన ప్రతిసారీ, ఇది ఆ రోజుదే కదా అనిపించి ఒళ్లు చల్లబడిపోతుంది.

పద్దెనిమిదో రోజు

పుస్తకం మేడంకి ఇచ్చాను. చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

“నా దగ్గరకొచ్చిన వాళ్లలో చాలామంది ఈ మాటే చెప్పారమ్మా. అందరూ ఆఖర్నే చెప్పారు. పట్టీ చదివేది రక్తం పరుగునీ, వేడినీ, తడినీ. ముట్టుకుంటే ఒళ్లు స్పందిస్తుంది. దెబ్బ తగలకుండా తనను తాను కాచుకోడానికి కూడా స్పందిస్తుంది. అది ఇష్టం కాదు. ఇష్టాన్ని కొలిచే మిషను ఇంకా ఎవరూ చెయ్యలేదు.”

“మరి దాన్నెందుకు నమ్ముతారండీ?”

“ఒకప్పుడు ఆడదాని మాట ఎవరూ నమ్మట్లేదని పట్టీ తెచ్చారు. నేనప్పుడు చదువుకుంటున్నాను. మేమంతా పండగ చేసుకున్నాం. అది వచ్చాక మాట అడగడమే మానేశారు.”

మేడం చెప్పింది అర్థమైంది. అర్థమవ్వడానికీ నమ్మడానికీ మధ్య ఇంత దూరం ఉంటుందని తెలియదు. తిరిగొచ్చే పడవలో ఆ మాటే లోలోపల వల్లించుకున్నాను. కాసేపు నిజమనిపించింది. రేవు దిగేసరికి మళ్లీ పోయింది.

ఇరవై నాలుగో రోజు

సింహాద్రికి చెప్పాను. మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, ఎంగిలి కంచాల ముందే. లేచి చెయ్యి కడుక్కుంటే మళ్లీ చెప్పలేనేమోనని అలాగే చెప్పేశాను.

ఆయన చేతిమీది మెతుకులు ఎండిపోయాయి.

నేను భయపడిన ప్రశ్న ఒకటుంది. అయితే నీకూ ఇష్టమేనా అని అడుగుతాడనుకున్నాను. అది అడగలేదు.

“మన పెళ్లయిన కాడ్నించీ నేను లైటు సూసే వచ్చేను గదా. అందులో నీకు ఇష్టం లేనియి ఎన్ని?”

కొన్నిసార్లు ఇష్టంగానే ఉండేది, అది నిజం. కొన్నిసార్లు లేదు. చాలాసార్లు నేను అక్కడ లేనే లేను.

“తెలీదు మావా.”

అంత పెద్ద మనిషి తల వంచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. “ఆడికీ నాకూ తేడా ఏంటే?” అన్నాడు.

“నువ్వు ఆగావు. నా కన్నీళ్లు చూసి ఆగావు” అన్నాను. దగ్గరికెళ్లి వీపు నిమిరాను. నిమురుతుండగానే ఒళ్లు మండిపోయింది. జరిగింది నాకు, ఓదార్చేదీ నేనేనా? చెయ్యి తీసేసి కంచాలు ఎత్తాను. గట్టిగా, చప్పుడయ్యేలా కడిగాను.

కాసేపటికి ఆయన వచ్చి పక్కన కూర్చుని బూడిద అందుకున్నాడు. రెండో కంచం ఆయన తోమాడు. ఇవాళ షెడ్డుకి వెళ్లలేదు. అడిగి, ముందు గదిలో చాప వేసుకున్నాడు.

ఇరవై తొమ్మిదో రోజు

ఆకలి తెలుస్తోంది. బొడ్డు పైన, కొంచెం ఎడమ పక్కన. ఇది రాసుకోవడానికి సిగ్గేస్తోంది గానీ రాస్తున్నాను.

ఇంకోటి. స్నానం చేస్తూ నా ఒళ్లు నేను చూసుకున్నాను. నిదానంగా, నాకు నేనుగా ముట్టుకున్నాను. మేడం చెయ్యొచ్చన్నారు. ఎవరూ చూడట్లేదు, ఏ దీపమూ వెలగట్లేదు. హాయిగా అనిపించింది. తర్వాత ఏడుపొచ్చింది. అది మంచి ఏడుపో చెడ్డ ఏడుపో తెలియలేదు. నీళ్లు ఇంకా ఉన్నాయి కదా అని ఇంకో చెంబు పోసుకున్నాను.

ముప్ఫై మూడో రోజు

నలభయ్యో రోజున పట్టీ ఆఫీసుకి వెళ్లాలి. మళ్లీ కట్టించుకోవాలి, లేదా శాశ్వత మినహాయింపు అడగాలి. అడిగేవాళ్లు కారణాన్ని నోటితో చెప్పాలి. అది నమోదవుతుంది.

గట్టు మీద నారు మొక్కలు కట్టలు కడుతూ మంగతాయారు పిన్నికి చెప్పాను. అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

“నేను బెంచిలో కూకున్నాను రత్నం” అంది. “నీ కేసు కాదులే. ఏడేళ్ల కిందట, ఈ ఊళ్లోనే. పంతొమ్మిదేళ్ల పిల్ల. సంతకాలు ముగ్గురివీ కావాలి. మిగతా ఇద్దరూ పెట్టేసేరు. నాకేదో అనుమానంగానే ఉంది. ఆ పిల్ల నా వంకే సూత్తంది. పచ్చ లైటుంది కదా అని నేనూ పెట్టేసేను.”

“ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?”

“ఊరొదిలి పోయింది. ఎక్కడికో నేనడగలేదు.”

ఆమెను తిట్టాలనిపించింది. ఆమె చెయ్యి పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. పోటు తగ్గింది, బురదలోకి దిగాం. నాలుగు వరుసలు నాటాక, నావైపు చూడకుండానే అంది.

“నలభయ్యో రోజున నేనూ వత్తాను. నేను కూడా సెప్పాల్సింది ఉంది.”

ముప్ఫై ఆరో రోజు

మధ్యాహ్నం వాన. సింహాద్రి కిటికీ దగ్గర కూర్చుని పుచ్చకాయ కోస్తున్నాడు. చేతులు, మెడ, రసం కారుతున్న మణికట్టు. చూస్తూ ఉన్నాను. ఆయన నన్నేమీ అడగలేదు, నేనే వెళ్లి మెడ మీద ముద్దు పెట్టాను.

“లోపలికి రా.”

“మేడంగారు ఏవన్నారు?”

“మనిద్దరం ఒప్పుకుంటే ఇక మన ఇష్టం అన్నారు. నేను అడిగొచ్చాను.”

ఆయన కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు.

మొదట బాగుంది. తర్వాత గది కొంచెం దూరం జరిగినట్టయింది. ఆ జరగడం నాకు తెలిసింది! ఇంతకు ముందు ఎప్పుడూ వెళ్లిపోయాకే తెలిసేది. “ఆగు మావా” అన్నాను. ఆగాడు. పక్కకి జరిగి వెల్లకిలా పడుకున్నాడు. పైన రేకుల మీద వాన. నేను నా కాలివేళ్లు కదిపి చూసుకున్నాను. చాప గరుకు తగిలింది. ఇక్కడే ఉన్నాను.

“పుచ్చకాయ తెమ్మంటావా?” అన్నాడు.

తిన్నాం. గింజలు కిటికీలోంచి సముద్రంలోకి ఉమ్మాం. ఎవరి గింజ దూరం పడుతుందోనని పందెం వేసుకుని, ఆయనది దగ్గర్లోనే పడిందని కొట్లాడుకున్నాం. ఆ కొట్లాటలో మళ్లీ కావాలనిపించింది. ఈసారి నేను చెప్పినట్టే, నేను చెప్పినంత నెమ్మదిగా. కళ్లు తెరుచుకునే ఉన్నాను. చివర్లో నా గొంతులోంచి వచ్చిన శబ్దం విని నేనే ఉలిక్కిపడ్డాను. సింహాద్రి కంగారుగా ఆగిపోయాడు.

“ఆపొద్దు” అన్నాను.

అయ్యాక ఒళ్లంతా తేలికగా ఉంది. గంట తర్వాత కారణం లేకుండా భయం వేసింది. ఆ భయం సాయంత్రం దాకా ఉంది. పోయింది.

ముప్ఫై ఏడో రోజు

ఇవాళ ఏమీ వద్దనిపించింది. చెయ్యి పట్టుకోవడం కూడా. చెప్పాను. సరే అన్నాడు. నిన్న అంత బాగుండి ఇవాళ ఇలా ఎందుకో. మేడంని అడిగితే, “ఎందుకో తెలియకపోయినా వద్దు వద్దే” అన్నారు.

నలభయ్యో రోజు

పట్టీ ఆఫీసులో నాకూ మంగతాయారు పిన్నికీ ఒకే టోకెను ఇచ్చారు. సింహాద్రి వస్తానన్నాడు, బయట బల్ల మీద కూర్చోమన్నాను.

లోపల బల్ల అవతల ఉన్న ఉద్యోగినికి పాతికేళ్లుంటాయేమో. మెడలో కొత్త పసుపుతాడు. చేతికి పట్టీ. తెర మీద కారణాల జాబితా చూపించింది. చర్మవ్యాధి, గుండె జబ్బు, యంత్రలోపం.

“ఇందులో ఏదండీ?”

“ఇందులో లేదమ్మా. నేను చెప్తాను, రాసుకో.”

ఆమె వేళ్లు మీటల మీద ఆనించింది. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది.

“నాలుగేళ్ల కిందట నా మీద అత్యాచారం జరిగింది. అప్పుడు నా పట్టీ ఆకుపచ్చగా వెలిగింది. పదకొండు నిమిషాలు వెలిగింది, అది నిజం. నేను వద్దన్నాను, అదీ నిజం. పట్టీ చెప్పింది నా మాట కాదు. ఇకమీద నా తరఫున అది మాట్లాడ్డానికి వీల్లేదు. ఇది నా పాత కేసు కాగితాలకు కూడా జత చెయ్యండి.”

ఆమె రాయడం ఎక్కడో మధ్యలో ఆపేసింది. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. రెండోసారి గొంతు వణకలేదు.

తర్వాత పిన్ని చెప్పింది. ఏడేళ్ల కిందటి కేసు నంబరు, తన సంతకం, ఆ అమ్మాయి పేరు. తను పెట్టిన సంతకం తప్పని, ఆ కేసు మళ్లీ విచారించాలని రాయించింది. కింద సంతకం పెట్టింది.

నా చేతికి శాశ్వత మినహాయింపు తెల్లకార్డు వచ్చింది. పిన్ని చెప్పిన కేసు మళ్లీ తెరుస్తారో లేదో చెప్పలేనంది ఉద్యోగిని. అది పైవాళ్ల పనట. లేవబోతుంటే గొంతు తగ్గించి అడిగింది.

“అక్కా, ఒకటడగనా? అది లేకపోతే మరి మీకెలా తెలుత్తాదండి? ఇట్టం ఉందో లేదో?”

ఏదైనా గట్టి మాట చెబుదామనుకున్నాను. నాకు తెలిసింది ఒక్కటే.

“ఒక్కోసారి తెలీదు. తెలీనప్పుడు వద్దని చెప్తాను.”

ఆమె తన పట్టీ వైపు చూసుకుంది. అది ఏ రంగులో ఉందో నాకు కనపడకుండా, రెండో చేత్తో మూసేసింది.

“అలా చెప్పొచ్చాండీ?”

వెనక వరుసలో ఇంకా నలుగురున్నారు. ఎవరో విసుగ్గా దగ్గారు. నేను మళ్లీ కూర్చున్నాను.